పాత షెడ్డు కూల్చివేత: ఆస్బెస్టాస్ రేకులు, నూనె డ్రమ్ములు, ట్రాన్స్‌ఫార్మర్. ఏది ముందు తీయాలి, ఎవరి పూచీ?

బాలానగర్ సైట్:

అందరికీ నమస్తే. బాలానగర్ వైపు ఒక పాత ఇంజనీరింగ్ షెడ్డు కూల్చి అదే జాగాలో అపార్ట్‌మెంటు కట్టబోతున్నాం. షెడ్డు 1980ల్లో కట్టింది. పైకప్పు సుమారు 1,200 చదరపు మీటర్లు, అంతా ఆస్బెస్టాస్ సిమెంటు రేకులే. ఎత్తు చూరు దగ్గర 5 మీటర్లు, నడిమి దూలం దగ్గర 7 మీటర్లు. లోపల ఉన్న సరుకు ఇది: 200 లీటర్ల డ్రమ్ములు 14 (కొన్నింట్లో పాత మెషిన్ ఆయిల్, మిగతావి ఖాళీవే కానీ థిన్నర్ వాసన వస్తోంది), ఒక గది నిండా గట్టిపడిన పెయింటు డబ్బాలు, నేమ్‌ప్లేట్ చెరిగిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, 150 దాకా పాత ట్యూబ్‌లైట్లు. బాయిలర్ గదిలో పైపులకి తెల్లటి పూత చుట్టి ఉంది, చేత్తో నొక్కితే పొడిగా రాలుతోంది.

కూల్చే కాంట్రాక్టర్ "ఇనుము, రేకులు మాకు వదిలేయండి, కూలీ ఖర్చు మీకు పడదు, పైగా మేమే మీకు కొంత ఎదురు డబ్బు ఇస్తాం" అంటున్నాడు. నా ప్రశ్నలు: ఈ రేకులు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయా? అనుమతి ఎవరి పేరు మీద తీసుకోవాలి? రేకులు ఎలా దించాలి? ట్రస్సులు (పైకప్పుని మోసే ఇనుప చట్రాలు) గ్యాస్ కటింగ్‌తో కోయవచ్చా? చివరికి ఇవన్నీ ఎక్కడికి పంపాలి?

పసుపు హెల్మెట్:

సార్, మిగతా ప్రశ్నల కంటే ముందు కాంట్రాక్టర్ బేరం సంగతి తేల్చుకోండి. రేకులు అతని సొత్తు అయిపోతే, ప్రతి రేకూ పగలకుండా దించే జాగ్రత్త వల్ల అతనికి పెద్దగా లాభం ఉండదు. అతని లాభమంతా వేగంలో ఉంటుంది. పైనుంచి జారవిడుస్తారు, లేదా జేసీబీ బకెట్‌తో ట్రస్సుతో సహా లాగేస్తారు. పగలనివి పశువుల కొట్టాలకి, గుడిసెలకి అమ్ముడుపోతాయి. పగిలినవి ఏ పల్లంలోనో మట్టి కింద పూడ్చేస్తారు. ఆస్బెస్టాస్ రేకులో ఊపిరితిత్తులకి హాని చేసే సన్నటి నారపోగులు సిమెంటు పట్టులో ఉన్నంతసేపు బయటికి వచ్చేది తక్కువ. పగలడం, కోయడం, ఈడ్వడం, పొడిగా ఊడ్వడం అనే నాలుగు పనులే వాటిని గాల్లోకి వదులుతాయి. ఉచితంగా కూల్చే మనిషి చేసేవి సరిగ్గా ఆ నాలుగే.

కాబట్టి రేకులని స్క్రాప్ లెక్కలోంచి తీసి, విడి పద్దుగా పెట్టండి. "రేకు పగలకుండా దించి, తడిపి, చుట్టి, లేబుల్ వేసి, నిల్వ చోట పేర్చినందుకు చదరపు మీటరుకి ఇంత" అని. దానికి తోడు రెండో పద్దు కూడా తప్పక పెట్టండి: పగిలిన ముక్కలు సంచిలో కట్టి అప్పగిస్తే సంచికి ఇంత. పగిలినదానికి జరిమానా అని మాత్రమే రాస్తే ముక్కలు మట్టిలోకి వెళ్తాయి, మీకు కనపడవు. ముక్కకీ డబ్బు వస్తుందంటే ఏరి తెచ్చి ఇస్తారు.

ఇక దించే పద్ధతి. ఇక్కడ ప్రాణం తీసేది మొదట ఆస్బెస్టాస్ కాదు, రేకు విరిగి మనిషి కింద పడటం. 40 ఏళ్ల రేకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కాలు పెట్టిన చోట ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. బోల్టుల వరస మీద నడిస్తే కింద పర్లిన్ (రేకు ఆనే అడ్డ దూలం) ఉంది కాబట్టి ఫర్వాలేదు అనే మాట మేస్త్రీల నోట వింటూ ఉంటాం. దాన్ని అస్సలు ఒప్పుకోకండి. కాలు ఒక్క జానెడు పక్కకి పడితే చాలు.

వీలైతే పని మొత్తం కింది నుంచే, సిజర్ లిఫ్ట్ (నిటారుగా పైకి లేచే వేదిక) మీద నిలబడి చేయించండి. మీ ఎత్తుకి అది సరిపోతుంది, లోపల నేల కాంక్రీటు అయితే ఇంకా మంచిది. పైకి ఎక్కక తప్పని చోట కనీసం 600 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు, ఒక్కొక్కటి రెండు మూడు పర్లిన్ల మీద ఆనేలా వేయాలి. మనిషి ఒక పలక మీద ఉండగా రెండోది ముందుకు జరపాలి, అంటే మనిషికి రెండు పలకలు. కింద వల కట్టాలి. హార్నెస్ (ఒంటికి కట్టే రక్షణ పట్టీలు) ఒక్కటే చాలనుకోకండి: 1.8 మీటర్ల తాడు, షాక్ అబ్జార్బర్ సాగే పొడవు, మనిషి ఎత్తు, కొంత మిగులు కలిపితే కొక్కెం తగిలించిన చోటు నుంచి కింద దాదాపు 6 మీటర్ల ఖాళీ కావాలి. మీ చూరు ఎత్తు 5 మీటర్లు. కాళ్ల దగ్గర తగిలించిన హార్నెస్ అక్కడ పట్టుకునేలోపే మనిషి నేలకి తగులుతాడు. వల, లేదా తల పైన లైఫ్‌లైన్‌కి వేలాడే రిట్రాక్టబుల్ బ్లాక్ (మనిషి పడగానే తాడు బిగించే పరికరం) ఉండాలి.

రేకు విప్పే క్రమం చివరి వరస వేసినచోట మొదలవ్వాలి. సాధారణంగా నడిమి దూలం కప్పులు, తర్వాత పై వరస, తర్వాత చూరు వరస. ఇంకో దిక్కున మొదలుపెడితే ఒవర్‌లాప్ కింద ఇరుక్కున్న రేకుని లాగి పగలగొడతారు. రేకుని పర్లిన్‌కి పట్టి ఉంచే జే-హుక్కు బోల్టుల నట్లు తుప్పు పట్టి తిరగవు. వాటికి గ్రైండర్ వాడకూడదు, అది రేకుని కూడా కోస్తుంది. బోల్టు చుట్టూ తడిపి బోల్టు కట్టర్‌తో తుంచాలి. తడపడానికి తోట మందు కొట్టే చేతి పంపు చాలు, నీళ్లలో కొంచెం పాత్రలు తోమే సబ్బు ద్రవం కలిపితే నీరు రేకులోకి ఇంకుతుంది, లేకపోతే పైనుంచి జారిపోతుంది. ప్రెషర్ వాషర్ వద్దే వద్దు. అది పై పొరని గీకేసి నారని నీళ్లలో కలుపుతుంది, ఆ నీళ్లు ఆరాక గాలికి లేస్తుంది. రేకు మరీ నాని జారుడుగా ఉంటే పైనున్న మనిషికి ప్రమాదం, అందుకే నడిచే వైపు కాకుండా విప్పబోయే రేకుకే పట్టించాలి.

3 మీటర్ల రేకు 40 కిలోల పైనే ఉంటుంది. ఇద్దరు పట్టుకుని దించాలి, లేదా లిఫ్ట్ ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టి దించాలి. కింద ముందే పరిచిన పాలిథీన్ పరదా మీద పేర్చి, అంచులు మడిచి టేపు వేయాలి, దాని మీద ఇంకో పొర. 200 మైక్రాన్ల మందం అడగండి, మామూలు టార్పాలిన్ రేకు మూలకి చిరిగిపోతుంది. లారీలో పట్టదని రేకుని సగానికి విరవడం సైట్లో అందరూ చేసే పని. లారీ పొడవు ముందే కొలుచుకోండి.

బాయిలర్ గది పైపుల పూత వేరే కథ. చేత్తో నొక్కితే రాలుతోందంటే, అది ఆస్బెస్టాసే అయిన పక్షంలో, మొత్తం సైట్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. ఇప్పుడే ఆ గదికి తాళం వేయండి. ల్యాబ్ మనిషి వచ్చి తడిపి చిన్న ముక్క తీసుకుని పరీక్ష చేసేదాకా ఎవరూ ముట్టకూడదు. అదని తేలితే గది మొత్తం పాలిథీన్‌తో మూసి, హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్ముని ఆపేది) ఉన్న ఫ్యాన్‌తో లోపలి గాలిని బయటికి లాగుతూ, ఆ పని తెలిసిన వాళ్లే చేయాలి. రేకుల ముఠాతో చేయించకండి. గోడ మీద మొదటి దెబ్బ పడేలోపు ఆ గది పని పూర్తవ్వాలి.

ఫారం పది:

పసుపు హెల్మెట్ గారు పని చెప్పారు, నేను కాగితాలు చెబుతాను. కాగితాలు ఆలస్యమైతే చుట్టిన రేకులు సైట్లోనే ఎండా వానా తింటూ పడి ఉంటాయి, కవర్లు చిరుగుతాయి, చేసిన జాగ్రత్తంతా వృథా.

మీకు వర్తించేవి 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ నియమాలు. అందులో ఆక్యుపయర్ అంటే ఆ స్థలం మీద అదుపు ఉన్నవాడు, వ్యర్థం ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లు కూడా. అంటే బిల్డర్. కాంట్రాక్టర్ పేరు మీద తోసేస్తే తప్పించుకోలేరు. పర్యావరణానికి, మూడో మనిషికి జరిగిన నష్టానికి ఆక్యుపయర్‌ని నియమాలు నేరుగా బాధ్యుణ్ని చేస్తాయి.

దరఖాస్తు ఫారం 1లో, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి. అన్నీ సరిగా ఉన్న దరఖాస్తు మీద తేల్చడానికి మండలికి 120 రోజుల గడువు ఉంది. కాబట్టి కూల్చివేత తేదీ ఖరారయ్యాక కాదు, ఇప్పుడే వేయండి. కూల్చివేత వల్ల ఒక్కసారే వచ్చే వ్యర్థమని, రకాల వారీగా బరువుతో సహా రాయండి.

బరువు లెక్క ఇలా. రేకు చదరపు మీటరుకి 13-14 కిలోలు, ఒవర్‌లాప్‌లు, నడిమి కప్పులు కలుపుకుంటే పైకప్పు విస్తీర్ణం మీద 16 కిలోల దాకా వేసుకోండి. 1,200 చదరపు మీటర్లకి 19 టన్నులు. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, సైట్లో నిల్వ గడువు 90 రోజులే. దాన్ని 180 రోజుల దాకా పొడిగించే వీలు ఏడాదికి 10 టన్నుల లోపు చిన్న ఉత్పత్తిదారుల వంటి కొందరికే ఉంది. మీరు ఆ గీత దాటేశారు. మొదటి కట్ట మీద లేబుల్ తేదీ పడ్డ రోజు నుంచి 90 లెక్కపెట్టుకోండి.

లేబుల్ ఫారం 8 ప్రకారం ఉండాలి: మెరిసే పసుపు నేపథ్యం, "ప్రమాదకర వ్యర్థం", "జాగ్రత్తగా వాడండి" అన్న మాటలు ఎర్రటి అక్షరాల్లో హిందీ, ఇంగ్లీషు, తెలుగులో. వానకి చెరగని పదార్థం మీద. ప్రింటు తీసి సెల్లోటేపు అంటిస్తే రెండు వానలకి పోతుంది.

మీకు దగ్గరి సురక్షిత పూడ్చివేత కేంద్రం దుండిగల్‌లో ఉంది. (ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే, విశాఖ దగ్గర పరవాడలో ఉంది.) నేరుగా లారీ పంపితే గేటు దగ్గర ఆపేస్తారు. ముందు ఒప్పందం, నమూనా పరీక్ష, ఆ తర్వాతే బండి తేదీ. అనుమతి దరఖాస్తుతో పాటే ఇదీ మొదలుపెట్టండి. బండి వాళ్లదైతే మీకు తలనొప్పి తగ్గుతుంది. డ్రైవర్ దగ్గర ఫారం 9 అత్యవసర సూచనల కార్డు ఉండాలి.

ఫారం 10 మానిఫెస్ట్ (వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా చీటీ) ఏడు ప్రతులు. తెల్లది మీరు మండలికి పంపాలి. పసుపు ప్రతి మీద రవాణాదారు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోవాలి. గులాబీ రంగుది తీసుకున్న కేంద్రం దగ్గర, నారింజ రవాణాదారుకి. ఆకుపచ్చ కేంద్రం నుంచి మండలికి, నీలం కేంద్రం నుంచి మీకు తిరిగి రావాలి. బూడిద రంగుది వేరే రాష్ట్రం సరుకైతేనే. ఈ ఏడింటిలో ప్రాణం నీలం ప్రతి. అది మీ చేతికి రానంతవరకు మీ వ్యర్థం ఎక్కడికి చేరిందో మీకు రుజువు లేదు. ప్రతి ట్రిప్పుకీ నీలం ప్రతి వచ్చాకే కాంట్రాక్టర్ చివరి బిల్లు అని ఒప్పందంలో రాయండి.

రోజువారీ లెక్క ఫారం 3లో, వార్షిక నివేదిక ఫారం 4లో, మార్చితో ముగిసిన ఏడాదికి జూన్ 30 లోపు. సైట్ మూసేశాం కదా అని ఫారం 4 మరిచిపోతుంటారు. తర్వాత ఇంకో ప్రాజెక్టుకి అనుమతి కోసం వెళ్లినప్పుడు అదే అడ్డం పడుతుంది.

నిచ్చెన:

ఒక్క అభ్యంతరం. ఆ 2016 నియమాల మొదటి షెడ్యూల్లో "పారేసిన ఆస్బెస్టాస్" 15.2 పద్దు కింద ఉన్న మాట నిజమే. కానీ ఆ 15వ వరుస శీర్షిక చూడండి: ఆస్బెస్టాస్, ఆస్బెస్టాస్ ఉన్న వస్తువుల "ఉత్పత్తి". కూల్చివేత ఉత్పత్తి ప్రక్రియ కాదు. ఈ వాదన కన్సల్టెంట్లు గట్టిగానే చేస్తారు. రేకులని మామూలు కూల్చివేత వ్యర్థంగానే చూపించవచ్చని అంటారు. 120 రోజులు ఆగలేని బిల్డర్‌కి ఏం చెబుతారు?

ఫారం పది:

శీర్షిక గురించి మీరన్నది సరైనదే, ఆ అస్పష్టత నియమాల్లో ఉంది. కానీ ఆ వాదన నెగ్గితే సరుకు ఎక్కడికి పోతుందో చూడండి. మామూలు కూల్చివేత వ్యర్థమంటే జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలకి. అక్కడ కాంక్రీటు, ఇటుకల్ని క్రషర్‌లో నలగ్గొట్టి ఇసుక, కంకర, పేవర్ టైల్స్ చేస్తారు. ఆస్బెస్టాస్ రేకు క్రషర్‌లో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇసుక రేపు ఇంకొకరి గోడ ప్లాస్టర్‌లోకి వెళ్తుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వారి ఐఎస్ 11768 ఆస్బెస్టాస్ వ్యర్థాలు పారవేసే పద్ధతుల గురించే ఉంది, అది చూసినా ఈ సరుకుని విడిగా చూడాలనే అర్థమవుతుంది.

అడిగినవారికి నా సలహా: సందేహం మీ తలలో పెట్టుకోకుండా మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా రాయండి. ఎన్ని టన్నులు, ఎక్కడికి పంపదలిచారు, ఏ పద్ధతిలో దించుతారు, అన్నీ రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. జవాబు వచ్చేలోపు ప్రమాదకర వ్యర్థంగానే నడిపించండి. తక్కువ జాగ్రత్తకి దారి తీసే వాదన ఎంత తెలివైనదైనా ఊపిరితిత్తులకి పనికిరాదు.

నిచ్చెన:

రాతపూర్వకంగా అడగడం వరకు ఒప్పుకుంటాను. క్రషర్ మాట దగ్గర నాకూ ఎదురు చెప్పేది లేదు.

కొలబద్ద:

డ్రమ్ములు, ట్రాన్స్‌ఫార్మర్, గ్యాస్ కటింగ్ గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు, అవి నేను రాస్తాను.

ముందు ఖాళీ డ్రమ్ములు. మన సైట్లలో ఖాళీ డ్రమ్ము కనపడితే చాలు, పై మూత కోసి క్యూరింగ్ నీళ్లకి పెట్టుకుంటారు. థిన్నర్ డ్రమ్ముని గ్యాస్ కట్టర్‌తోనో గ్రైండర్‌తోనో కోయడమంటే బాంబుని కోయడమే. లెక్క చూడండి: థిన్నర్‌లో ఉండే టోలూయీన్ ఆవిరి గాలిలో 1.2 శాతం చేరితే అంటుకుంటుంది. 200 లీటర్ల డ్రమ్ములో ఆ శాతం చేరడానికి 10 మిల్లీలీటర్ల ద్రవం చాలు, రెండు చెంచాలు. బోర్లించి వంచేసినా డ్రమ్ము అతుకుల్లో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. నీళ్లతో కడిగితే పోదు. కాబట్టి 14 డ్రమ్ములూ ఈ రోజే లెక్కపెట్టి, బిరడాలు బిగించి, నంబర్లు వేసి, తాళం ఉన్న చోట పెట్టించండి. ఖాళీ డ్రమ్ములు కూడా అదే మొదటి షెడ్యూల్ 33.1 పద్దు కింద ప్రమాదకర వ్యర్థమే, స్క్రాప్ వాడికి ఇవ్వకూడదు.

ఆయిల్ డ్రమ్ములు కాంక్రీటు నేల మీద, పైన కప్పు ఉన్న చోట, చుట్టూ చిన్న కట్ట కట్టి పెట్టాలి. అన్నిటికంటే పెద్ద డ్రమ్ము మొత్తం కారినా ఆగేటట్టు, దానికి పది శాతం ఎక్కువ పట్టేలా కట్ట ఉండాలి. లోపల డ్రైను రంధ్రం ఉండకూడదు. డ్రమ్ము నిండా పోయకండి, పదో వంతు ఖాళీ వదలండి, ఎండకి నూనె వ్యాకోచిస్తుంది. ఒక్క మాట ప్రత్యేకంగా: మిగిలిన థిన్నర్‌ని నూనె డ్రమ్ములో ఒంపి సరుకు తగ్గించుకోవాలని చూస్తారు. అలా కలిస్తే నూనె శుద్ధి చేసే అధీకృత రీసైక్లర్ తీసుకోడు, దాన్ని తగలబెట్టే కేంద్రానికి పంపాలి, ఖర్చు పెరుగుతుంది. నూనె విడిగా, ద్రావకాలు విడిగా, గట్టిపడిన పెయింటు డబ్బాలు విడిగా.

ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానంతోనే చూడండి. పాత వాటిలో కొన్నింట్లో పీసీబీ అనే క్లోరిన్ నూనె ఉండేది. దీని మీద కేంద్రం 2016లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది, 2025 డిసెంబర్ 31 తర్వాత వాడకమే నిషిద్ధం. నేమ్‌ప్లేట్ లేదు కాబట్టి 50 మిల్లీలీటర్ల నమూనా ల్యాబ్‌కి పంపండి. హద్దు 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు). నీళ్లలో వేసి చూడటం అనే చిట్కా ఒకటి ఉంది: అచ్చమైన పీసీబీ నూనె నీళ్లలో మునుగుతుంది, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ తేలుతుంది. తేలింది కదా అని నిశ్చింత పడకండి, కొద్దిగా పీసీబీ కలిసిన మామూలు నూనె కూడా తేలుతుంది. ఫలితం వచ్చేదాకా నూనె తీయకూడదు. తీస్తే ఆ పంపు, పైపు అంటిన ప్రతి డ్రమ్మూ అనుమానితమే అవుతుంది.

గ్యాస్ కటింగ్. పాత ట్రస్సుల మీద నారింజ ఎరుపు ప్రైమర్ ఉంటే అది రెడ్ ఆక్సైడ్ కావచ్చు, సీసం ఉన్న సిందూరం రంగు ప్రైమర్ కూడా కావచ్చు. కంటితో తేడా కనపడదు. బజారులో దొరికే రుద్ది చూసే కిట్లు సీసం ఉంటే ఎర్రబడతాయి, ఎర్ర రంగు మీద వాటిని నమ్మలేం. రంగు పెచ్చు తీసి ల్యాబ్‌కి పంపండి. సీసం ఉంటే మంట తగిలిన చోటల్లా సీసం పొగ లేస్తుంది, కట్టర్ పట్టుకున్న మనిషి ముఖం సరిగ్గా దాని మీదే ఉంటుంది. మంచి దారి అసలు కోయకపోవడమే: బోల్టులు విప్పండి, లేదా హైడ్రాలిక్ షియర్ (ఇనుముని కత్తెరలా తుంచే యంత్రం) తెప్పించండి. కోయక తప్పకపోతే కోసే గీతకి రెండు వైపులా 10 సెంటీమీటర్ల చొప్పున రంగు గీకేయాలి. పొడిగా గ్రైండర్‌తో కాదు, రసాయన పేస్టుతో లేదా తడి గీకుడుతో. గీకిన చెత్త కూడా సంచిలోకే. అన్నం ముందు చేతులు, ముఖం సబ్బుతో కడగడం, సైట్లో బీడీ, గుట్కా మానడం సీసం విషయంలో మాస్కుతో సమానం. సీసం చేతి నుంచి నోటికి కూడా పోతుంది.

ట్యూబ్‌లైట్లు ఈ-వ్యర్థాల కిందికి వస్తాయి, అధీకృత రీసైక్లర్‌కి పగలకుండా అట్టపెట్టెల్లో నిలబెట్టి పంపండి. పగిలితే కాసేపు తలుపులు తీసి గాలి ఆడనిచ్చి, అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడవాలి. చీపురు వాడితే పాదరసం చిన్న చుక్కలై పరుచుకుంటుంది.

బాలానగర్ సైట్:

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇంకో మూడు. మాస్కు ఏది కొనాలి? మే నెల ఎండలో ఒళ్లంతా కప్పే సూట్ వేసుకోమంటే కూలీలు వేసుకుంటారా? పక్కనే జనం ఉంటున్న ఇళ్లున్నాయి, వాళ్లకి గాలి బాగానే ఉందని ఎలా చూపించాలి?

పసుపు హెల్మెట్:

గుడ్డ మాస్కు, తుండు, సర్జికల్ మాస్కు ఏవీ పనికిరావు. ఎన్95 కూడా ఈ పనికి నేను ఒప్పుకోను. ముక్కు నోరు కప్పే రబ్బరు హాఫ్ మాస్కు, దానికి పీ3 లేదా పీ100 ఫిల్టర్లు కొనండి. చిన్న, మధ్య, పెద్ద మూడు సైజులూ తెప్పించండి, ఒకే సైజు కొంటే సగం మంది ముఖాలకి పక్కనుంచి గాలి లాగుతుంది. ఫిల్టర్లని అరచేతులతో మూసి గాలి పీలిస్తే మాస్కు ముఖానికి అతుక్కోవాలి, అది రోజూ పని ముందు చేయించే పరీక్ష. గడ్డం ఉంటే పట్టు కుదరదు. గడ్డం తీయడానికి ఇష్టపడని వాళ్లకి రేకుల పని కాకుండా వేరే పని ఇవ్వండి, బలవంతం చేయక్కర్లేదు.

సూట్ టైప్ 5 (సన్న దుమ్ముని ఆపేది), పారేసే రకం. ఎండ గురించి మీ భయం న్యాయమైనదే. దానికి మందు సూట్ మానేయడం కాదు, వేళ మార్చడం. ఉదయం 6 నుంచి 10 దాకా పని, మధ్యలో విరామం, ఆ రోజుకి అంతే. నీళ్లు తాగాలంటే ప్రతిసారీ శుభ్రపడి బయటికి రావాలి కాబట్టి పనికి దిగేముందే బాగా తాగించండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు పని ఆపండి, రేకు తెరచాపలా పట్టుకుని మనిషిని లాగేస్తుంది.

బయటికి వచ్చే చోట క్రమం తప్పకూడదు: బూట్లు తడిగుడ్డతో తుడవడం, సూట్‌ని లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పడం, ముఖం కడగడం, చివర్లో మాస్కు తీయడం. మాస్కు ముందు తీస్తే సూట్ మీది దుమ్మంతా అప్పుడే పీలుస్తారు. లేసులున్న బూట్లు వద్దు, గమ్‌బూట్లు కొనండి. సూట్ కాళ్లు బూటు లోపలికి దోపకూడదు, బూటు మీదికి రావాలి. వాడిన సూట్లు, ఫిల్టర్లు, తుడిచిన గుడ్డలు రేకులతో పాటే ప్రమాదకర వ్యర్థం. సైట్లోనే గుడిసెలు వేసుకుని కుటుంబాలతో ఉండే కూలీలైతే, పని బట్టలతో పిల్లల్ని ఎత్తుకోనివ్వకండి. బట్టలు ఉతికే ఇల్లాలికి, ఒళ్లో కూర్చున్న బిడ్డకి ఈ జబ్బు అలాగే వచ్చింది చాలా దేశాల్లో.

రాలిన ముక్కలు, దుమ్ము తడిపి ఏరాలి, హెచ్ క్లాసు (ప్రమాదకర దుమ్ము కోసం చేసిన) వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చాలి. మామూలు వాక్యూమ్, చీపురు, బట్టల మీద కంప్రెసర్ గాలి కొట్టుకోవడం, మూడూ నిషేధం అని బోర్డు పెట్టండి, తెలుగులోనే కాదు, కూలీల భాషలో కూడా. మీ సైట్లో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లుంటే వాళ్లకి తెలుగు బోర్డు గోడ మీద గీతలే.

కొలబద్ద:

గాలి కొలత మాట నేను అందుకుంటాను. పద్ధతి ఐఎస్ 11450లో ఉంది: 0.8 మైక్రాన్ల మెంబ్రేన్ ఫిల్టర్ గుండా పంపుతో గాలి లాగి, మైక్రోస్కోప్ కింద నారపోగులు లెక్కపెట్టడం. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఈ పరీక్షకే ఉందో లేదో సర్టిఫికెట్ పరిధి చూసి అడగండి, చాలా ల్యాబ్‌లకి మామూలు దుమ్ము పరీక్షకే ఉంటుంది. పని మొదలుకాకముందు ఒక కొలత, పని జరిగేటప్పుడు కూలీ కాలరు దగ్గర ఒకటి, ప్రహరీ దగ్గర నాలుగు దిక్కులా, పని అయ్యాక ఒకటి. ముందు కొలత లేకపోతే తర్వాతి అంకెకి పోల్చడానికి ఏమీ ఉండదు.

హద్దు విషయంలో జాగ్రత్త. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం తెల్ల ఆస్బెస్టాస్‌కి హద్దు మిల్లీలీటరు గాలికి 1 నారపోగుగా ఉండేది. అమెరికాలో పని స్థలానికి 0.1. మీ సైట్‌కి 0.1 పెట్టుకోండి. అది దాటితే పని ఆపి, తడపడంలో ఎక్కడ లోపం ఉందో వెతకాలి. పని అయ్యాక చివరి కొలతకి బ్రిటన్‌లో మూసిన గదులకి వాడే 0.01 మంచి గురి.

నిచ్చెన:

ఆరోగ్య రికార్డుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నాకు అదే అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆస్బెస్టాస్ జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ ఉండడు, సైట్ పేరు ఎవరికీ గుర్తుండదు. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డుని పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతదాకా దాచాలంది. మీది కొన్ని వారాల పనే కావచ్చు, అయినా అదే కొలమానం పాటించండి: పనికి ముందు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, సీసం ఉన్న చోట పనిచేసేవారికి రక్తపరీక్ష. మనిషి పేరు, సొంత ఊరు, ఎన్ని గంటలు ఏ పని చేశాడు, ఆ రోజు గాలి కొలత ఎంత. ఒక నకలు తప్పక ఆ మనిషి చేతికే ఇవ్వండి, అతని భాషలో. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ రేపు 60 ఏళ్ల వయసులో దగ్గుతో డాక్టర్ ముందు కూర్చుంటే, ఎక్కడ ఏం పీల్చాడో చెప్పే కాగితం అదొక్కటే. పొగ తాగేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఆస్బెస్టాస్‌తో కలిసి అనేక రెట్లు పెరుగుతుందని కూడా చెప్పండి.

బాలానగర్ సైట్:

రేకులు, డ్రమ్ములు స్క్రాప్ బేరంలోంచి తీసేస్తున్నాం, ఇనుము మాత్రం కాంట్రాక్టర్‌కే, సీసం పరీక్ష ఫలితం చూశాక. పని వరసగా ఇది సరిపోతుందా: డ్రమ్ములు, ట్యూబ్‌లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్ ముందు, తర్వాత బాయిలర్ గది, తర్వాత రేకులు, చివర్లో ట్రస్సులు, గోడలు?

ఫారం పది:

సరిపోతుంది. ఒక్క మార్పు: బాయిలర్ గది నమూనా ఇప్పుడే పంపండి, ఫలితం రావడానికి పట్టే రోజుల్లో డ్రమ్ముల పని అయిపోతుంది. ట్రస్సుల దగ్గరికి జేసీబీ వచ్చేలోపు రేకుల దుమ్ము ఏరడం, చివరి గాలి కొలత రెండూ పూర్తై, ఫలితం మీ చేతికి రావాలి. లేకపోతే జేసీబీ చక్రాల కింద మిగిలిన ముక్కలన్నీ నలిగి పొడి అయిపోతాయి.

లారీ బయల్దేరేటప్పుడు దారిలో ఉన్న వేబ్రిడ్జి చీటీ తీసుకుని, మానిఫెస్ట్‌లో రాసిన బరువుతో పోల్చండి. దుండిగల్ తూకంతో తేడా ఎక్కువగా వస్తే ఆ రోజే రాతపూర్వకంగా అడగండి. మొత్తం ట్రిప్పుల బరువు కూడితే 19 టన్నులకి దగ్గరగా రావాలి. 14 దగ్గర ఆగిపోయిందంటే ముందు మీ లెక్క సరిచూసుకోండి. అది సరైనదే అయితే మిగిలిన రేకులు ఎవరి కొట్టం మీదికి వెళ్లాయో వెతకాలి.